కల్నల్‌గారికి ఆరు చిత్తుప్రతులు

చెన్నై అకాడమీలో పదకొండు నెలలపాటు మమ్మల్ని పరిగెత్తించారు, బురదలో పాకించారు, వీపు మీద బరువేసి మండుటెండలో మైళ్ళకు మైళ్ళు నడిపించారు. పడుతూ లేస్తూ అన్నీ చేసేశాను. చివరి వారంలో మాత్రం నాకు చేతకాని పని ఒకటి చెప్పారు. ఉత్తరం రాయమన్నారు.

సైన్యంలో అదొక మర్యాద. ట్రైనింగ్ ముగించి భుజానికి నక్షత్రాలు పెట్టుకున్న కొత్త అధికారి, తాను చేరబోయే యూనిట్ కమాండింగ్ ఆఫీసరుకి ముందుగా ఒక ఉత్తరం రాసుకోవాలి. నేను ఫలానా, మావాళ్ళు ఫలానా, ఇంతవరకు చదివాను, ఈ ఆటలు ఆడతాను, ఈ తేదీకి వచ్చి మీ దగ్గర చేరతాను అని. టైపు చేయకూడదు. సొంత దస్తూరీతో, ఇంకు పెన్నుతో, ఒక్క కొట్టివేత కూడా లేకుండా రాయాలి. మాకు ఆ పాఠం చెప్పిన కెప్టెన్ మేడమ్, "మీ మొహం కంటే ముందు మీ చేతిరాత వెళ్ళి ఆయన ఎదుట నిలబడుతుంది. జాగ్రత్త" అన్నారు.

అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

నా చేతిరాత సంగతి గుంటూరులోనే, బ్రాడీపేటలో ఇంటర్ చదివిన రోజుల్లోనే అయిపోయింది. ఆ రెండేళ్ళూ అక్షరాలు రాసిందానికంటే సున్నాలు నింపిందే ఎక్కువ. జవాబు పత్రంలో ఎ, బి, సి, డిల పక్కన ఉండే చిన్న సున్నాల్ని గీత దాటకుండా నల్లగా నింపడంలో మా కోచింగ్ సెంటర్ మొత్తం మీద నన్ను మించినవాళ్ళు లేరు. ఒక పేరా రాయమంటే మాత్రం నా అక్షరాలు బస్సు దిగిన జనంలా తలో దిక్కుకీ పోతాయి.

పరేడ్ అయ్యాక మూడు వారాల సెలవు దొరికింది. ఊరికి వస్తూ గుంటూరులో రైలు దిగి తిన్నగా బ్రాడీపేట వెళ్ళాను. నేను చదువుకునేటప్పుడు జిరాక్సులు తీయించుకున్న పుస్తకాల షాపు ఇంకా అక్కడే ఉంది. ఇంకు పెన్ను కావాలన్నాను. షాపాయన కళ్ళజోడు పైకి తోసి నన్ను ఎగాదిగా చూశాడు.

"జెల్ పెన్ను చాలదా అమ్మా?"

"చాలదండి. ఇంకు పెన్నే కావాలి."

"డాక్టరు చదువుతున్నావా, లాయరా?"

"మిలట్రీ అండి."

ఆయన స్టూలెక్కి పై అరలోంచి దుమ్ము పట్టిన అట్టపెట్టె ఒకటి దించాడు. అందులో మిగిలిన నాలుగు పెన్నుల్నీ ఒక్కొక్కటిగా నీళ్ళలో కడిగి, ఇంకు పోసి, నా చేత కాగితం మీద రాయించి చూశాడు. మూడోది బాగా రాసింది. "ఇది తీసుకో. తుపాకీ ఉన్నవాళ్ళకి పెన్నుతో ఏం పనమ్మా?" అన్నాడు ప్యాక్ చేస్తూ. నాకూ అదే అనుమానంగా ఉందని చెప్పాను.

మా ఊరు చిలకలూరిపేట నుంచి ఆటోలో ముప్పావుగంట. మార్చి మొదలు. రోడ్డుకి ఒక పక్కన పత్తి తీసేసిన చేలు, ఇంకో పక్కన మిరప. కల్లాల్లో ఆరబోసిన కాయల ఘాటుకి ఆటోలో అందరం వంతులవారీగా తుమ్ముకుంటూ ఊరు చేరాం.

మా నాన్న ఊళ్ళో చర్చిలో ఉపదేశి. అంటే పాస్టరుగారు నెలకి రెండుసార్లు వస్తే, మిగతా ఆదివారాలు ప్రార్థన నడిపేది, పిల్లలకి పాటలు నేర్పేది ఆయనే. దాంతోపాటు, అడిగినవాళ్ళకల్లా అర్జీలు రాసిపెడతాడు. కరెంటు స్తంభం కావాలన్నా, పింఛను ఆగిపోయినా మా అరుగు మీదికే వస్తారు. అందుకని నా ఉత్తరం సంగతి వినగానే నాన్న చొక్కా చేతులు మడిచాడు.

"నువ్వు కూర్చో. నేను తెలుగులో చెప్తా, నువ్వు ఇంగ్లీషులో పెట్టుకో," అని మొదలుపెట్టాడు. "మహాఘనత వహించిన కల్నల్ దొరవారి దివ్య సముఖమునకు, తమ విధేయురాలు మిక్కిలి వినయముతో చేసుకొను విన్నపమేమనగా..."

"నాన్నా, నేనేం పింఛను అడగట్లేదు."

"అడగకపోయినా వినయం ఉండాలిగా?"

అది మొదటి చిత్తుప్రతి. ఇంగ్లీషులోకి మారిస్తే నేనేదో నేరం చేసి క్షమాభిక్ష అడుగుతున్నట్టు వచ్చింది. రెండోది ఫోన్లో వెతికి పట్టుకున్నాను. ఎవరో రాసిన నమూనా ఉత్తరంలో పేరూ ఊరూ మార్చి మిగతాదంతా అలాగే దింపేశాను. హాబీల దగ్గర పుస్తకపఠనం, తోటపని, సంగీతం అని ఉంటే అవీ ఉంచేశాను. చదువుకుంటే ఎంతో మర్యాదస్తురాలైన అమ్మాయెవరో కనిపించింది. ఆ అమ్మాయిని నేనెప్పుడూ చూడలేదు.

దాన్ని తీసుకుని సుబేదారు బాబాయ్ దగ్గరికి వెళ్ళాను. బాబాయ్ మాకు వరసకి నాన్న తమ్ముడు. ఇరవై ఎనిమిదేళ్ళు సైన్యంలో చేసి సుబేదారుగా రిటైరయ్యాడు. ఇప్పుడు హైవే మీద స్పిన్నింగ్ మిల్లులో సెక్యూరిటీ చూస్తున్నాడు. నేను వెళ్ళేసరికి డ్యూటీ దిగి, లుంగీ కట్టుకుని, వాకిట్లో మంచం మీద కూర్చుని టీ తాగుతున్నాడు. నన్ను చూసి గ్లాసు కింద పెట్టాడు. లేచి నిలబడ్డాడు. చొక్కా పైగుండీ పెట్టుకుని, మడమలు దగ్గరికి చేర్చి సెల్యూట్ కొట్టాడు.

"జైహింద్ మేడమ్."

చిన్నప్పుడు సెలవుకి వచ్చినప్పుడల్లా నన్ను భుజాన ఎక్కించుకుని ఊరంతా తిప్పిన మనిషి. "బాబాయ్, ఏందిది? కూర్చో," అన్నాను.

"ముందు మీరు కూర్చోండి మేడమ్."

పిన్ని వంటింట్లోంచి తొంగిచూసింది. "మొన్నటిదాకా ఏమే చీమిడిముక్కుదానా అని పిలిచేవారుగా. ఇప్పుడు మేడమేంది?"

"అది మొన్నటి సంగతి. ఇప్పుడు ఆమె భుజం మీద ఉన్నది వేరు," అన్నాడు బాబాయ్. నేను నా భుజం వంక చూసుకున్నాను. దాని మీద నైటీ, పైన తువాలు ఉన్నాయి. ఆయన మొహంలో మాత్రం నవ్వు లేదు. అప్పుడు నాకు అర్థమయ్యింది, ఆ సెల్యూట్ ఆయన ఇరవై ఎనిమిదేళ్ళకి సంబంధించినదని. నిటారుగా నిలబడి, నైటీలోనే, అకాడమీలో నేర్పినట్టు తిరుగు సెల్యూట్ చేశాను. పిన్ని పగలబడి నవ్వుతూనే పైట చెంగుతో కళ్ళు తుడుచుకుంది.

తర్వాత ఆయన ఉత్తరం చదివాడు. సర్వీసులో సగం కాలం ఆయన కమాండింగ్ ఆఫీసరు గది బయట హెడ్ క్లర్కుగా పనిచేశాడు. ఇలాంటి ఉత్తరాలు వందలు తెరిచి లోపలికి పంపాడు.

"ఈమధ్య ఏం పుస్తకం చదివారు మేడమ్?"

నేను తువాలు సర్దుకున్నాను.

"తోట ఎక్కడుంది?"

"మన పెరట్లో కరివేపాకు చెట్టుంది కదా బాబాయ్."

"దానికి నీళ్ళు పోసేది మీ అమ్మ," అంటూ కాగితం మడిచాడు. "అందరూ ఇవే రాస్తారు. సాబ్ వీటిని అసలు చదవడు, పైపైన చూసి పక్కన పెడతాడు. ఒకసారి మాకో కొత్త ఆఫీసరు రాశాడు, నాకు ఈత రాదు, నీళ్ళంటే భయం అని. ఆ ఉత్తరాన్ని మా సాబ్ రెండోసారి చదివాడు. ఆ ఆఫీసరు వచ్చిన వారంలోనే సాబ్ దగ్గరుండి ఈత నేర్పించాడు. ఉన్నదే రాయండి."

అలా మూడో చిత్తు తయారయింది. తోటా సంగీతమూ పోయాయి. పొట్టిగా, శుభ్రంగా ఉంది. ఇంటికొచ్చి అన్నాలు తినేటప్పుడు అమ్మానాన్నలకి తెలుగులో చదివి వినిపించాను. నాన్న సంఘంలో ఉపదేశి, అమ్మ గృహిణి అనే చోటికి వచ్చేసరికి అమ్మ ముద్ద కలపడం ఆపింది.

"గృహిణంటే?"

"ఇంటిపట్టున ఉండేది అని."

అమ్మ నవ్వింది. "నేను ఇంటిపట్టున ఎప్పుడున్నానే? నువ్వు పుట్టినప్పుడు ఒక్క నెల ఉన్నా."

మా అమ్మ మిరప కోతల ముఠాకి మేస్త్రి. ముప్ఫై ఒక్కమంది ఆడవాళ్ళని పోగుచేసి, ఏ రోజు ఏ చేలోకి పోవాలో మాట్లాడి, ట్రక్కు ఆటో ఎక్కించి, పొద్దుటినుంచి కాయ కోయించి తీసుకొస్తుంది. పత్తి తీతలప్పుడు పత్తికి పోతారు. దర్శి దాకా వెళ్ళి పది రోజులుండి కోసి వచ్చిన సందర్భాలున్నాయి. ఈ ఊళ్ళో రైతులు నాన్నని చూస్తే నమస్కారం పెడతారు. అమ్మ కోసమైతే ఇంటికొచ్చి ఎదురుచూస్తారు.

ఇదంతా నాకు తెలియక కాదు. బ్రాడీపేటలో కోచింగ్‌లో చేరిన రోజు, కౌంటర్లో గుమస్తా అమ్మేం చేస్తుందని అడిగాడు. నాకంటే ముందున్న అమ్మాయి డాక్టరని చెప్పింది. దానికి ముందున్న అమ్మాయి లెక్చరరని చెప్పింది. నేను హౌస్‌వైఫ్ అన్నాను. ఆ తర్వాత ప్రతి ఫారంలోనూ అదే నింపుకుంటూ వచ్చాను. సెలక్షన్ ఇంటర్వ్యూ కాగితాల్లోనూ అంతే. ఎవరూ మళ్ళీ అడగలేదు కాబట్టి నేనూ మళ్ళీ ఆలోచించలేదు.

"రాసుకోలే," అంది అమ్మ, మళ్ళీ ముద్ద కలుపుతూ. "మిలట్రీ వాళ్ళకి మన మిరపకాయలతో ఏం పని? నీకు ఎట్టా బాగుంటే అట్టా రాసుకో."

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నాకు సుఖంగా ఉండేది. నాన్న నావైపు ఒకసారి చూసి, మజ్జిగ గిన్నె అందుకుని, తల వంచుకుని తినేశాడు.

మర్నాడు తెల్లవారుజామున అమ్మ తలకి గుడ్డ చుట్టుకుంటుంటే నేనూ ఒకటి చుట్టుకుని ఆటో ఎక్కాను. ఆరో తరగతిలో హాస్టల్లో వేసినప్పటినుంచి నేను కోతకి వెళ్ళింది లేదు. ఆటోలో ఒకటే గోల.

"ఒసే, మిలట్రీ మేడమొచ్చింది, లేచి సెల్యూట్ కొట్టండే!"

"లేస్తే రాడ్డు తగుల్ద్ది, కూర్చునే కొడతాం."

"ఏమ్మా, తుపాకీ తెచ్చావా? ఆ రైతు ఇయ్యాల గొణిగాడంటే చూపిద్దాం."

చేలో దిగాక అమ్మ వేరే మనిషయ్యింది. గొంతు పెద్దగా పెంచలేదు. సాళ్ళ పొడుగునా ఒకసారి నడిచి వచ్చి, ఎవరు ఏ సాలు పట్టాలో వేలితో చూపించింది. ఎవరూ ఎందుకని అడగలేదు. నేనడిగాను.

"ఎట్టా పంచుతావమ్మా?"

"నిన్న ఎవరెట్టా ఉన్నారో చూసుకుంటా," అంది. "చెయ్యి వేగంగా ఆడేదాన్ని ఇద్దరు నిదానస్తుల మధ్యన ఏస్తా. వాళ్ళు దాన్ని చూసి కదుల్తారు. అదుగో ఆ పిల్లకి ఒంట్లో బాలేదు, గట్టు పక్కన సాలిచ్చా, కాసేపు కూర్చున్నా ఎవరికీ కనపడదు. తోడికోడళ్ళిద్దరూ నిన్న పోట్లాడుకున్నారు, ఆ మూలొకరు, ఈ మూలొకరు."

"వాళ్ళు సర్దుకున్నాక?"

"మళ్ళీ పక్కపక్కనే. లేకపోతే నోళ్ళు ఊరుకోవు, చేతులు ఆడవు."

ఎండ ఎక్కాక రైతు గట్టు మీదికొచ్చాడు. మబ్బు పట్టేట్టుంది, ఇంకో నాలుగు సాళ్ళు లాగెయ్యమని బతిమాలాడు. అమ్మ ఆకాశం వంక చూసింది. ఆడవాళ్ళ వంక చూసింది. "అరగంట కోస్తాం. ముందు మజ్జిగ రానియ్యండి," అంది. ఆయన మోటారుసైకిలు మీద ఇంటికి పోయి బిందెతో మజ్జిగ తెచ్చాడు. అది అందరూ తాగేదాకా అమ్మ తాగలేదు. తర్వాత సరిగ్గా అరగంట కోశారు.

నేను కోసిన సాలు చూసి అమ్మ ఏమీ అనలేదు. నా పక్క సాలామె మాత్రం, "ఇది కోసినట్టు లేదు, మొక్కని పలకరించి పోయినట్టుంది," అంది. అన్నిటికీ మించి, చెమట పట్టిందని కన్ను నలుపుకున్నాను. ఆ తర్వాత పావుగంట భారత సైన్యపు అధికారి ఒకామె మిరపచేలో గుండ్రంగా తిరుగుతూ గంతులేసింది. ముప్ఫై ఒక్కమంది చూసి ఆనందించారు.

సాయంత్రం, మిరప మంటకి కొబ్బరినూనె రాసుకున్న వేళ్ళతో నాలుగో చిత్తు రాశాను. ముఠా అన్న మాటకి ఇంగ్లీషులో నాకు గ్యాంగ్ అనే తట్టింది. మా అమ్మ ముప్ఫై ఒక్కమంది ఉన్న ఒక గ్యాంగ్‌కి నాయకురాలు అని గర్వంగా రాసుకున్నాను. నాన్న చదివి కంగారుపడ్డాడు. బాబాయ్ దగ్గరికి తీసుకెళ్తే ఆయన ఇంకా కంగారుపడ్డాడు.

"గ్యాంగ్ వద్దు మేడమ్. ఎంక్వయిరీ వేస్తారు."

"పోనీ టీమ్ అందామా?"

"టీమంటే కబడ్డీ ఆడేవాళ్ళు కాదటే?" అంది మా వెనకే వచ్చిన అమ్మ. ఈ ఉత్తరం సంగతిలో తనకేమీ పట్టనట్టు ఉంటూనే ప్రతిచోటికీ వస్తోంది.

చివరికి ఏ పేరూ పెట్టకుండా, ఉన్నదున్నట్టు రాశాను. మా అమ్మ ముప్ఫై ఒక్కమంది ఆడవాళ్ళ చేత మిరపకాయలు, పత్తి కోయిస్తుంది, ఎవరు ఎక్కడ పనిచేయాలో ఆమే నిర్ణయిస్తుంది, నేను ఒక రోజు ఆమె కింద పనిచేశాను, అంత బాగా చేయలేదు అని. హాబీల దగ్గర, చెప్పుకోదగ్గవి లేవు, దూరాలు పరిగెత్తగలను, ఎక్కడైనా నిమిషంలో నిద్రపోగలను అని రాశాను. అయిదో ప్రతి సగంలో నూనె వేలు తగిలి ఇంకు అలుక్కుపోయింది. చేతులు సబ్బుతో మూడుసార్లు కడుక్కుని, నాన్న అర్జీల బల్ల మీద కూర్చుని, పళ్ళు బిగబట్టి ఆరోది రాశాను. అక్షరాలు ఒక్కొక్కటీ వరసలో నిలబడ్డాయి. అందంగా లేవు, కానీ నిలబడ్డాయి.

బాబాయ్ దాన్ని రెండుసార్లు చదివాడు. ఏ దిద్దుబాటూ చెప్పలేదు. "ఇట్టాంటిదైతే నేను మిగతా టపాతో పెట్టకుండా విడిగా తీసుకెళ్ళి ఇచ్చేవాణ్ణి," అని, మడతలు చెడకుండా తిరిగి ఇచ్చాడు.

పోస్టాఫీసులో ఇంకో పేచీ. మా యూనిట్ ఉన్న చోటు కవరు మీద రాయకూడదు. యూనిట్ పేరు, ఆర్మీ పోస్టాఫీసు నంబరు, అంతే. మా ఊరి పోస్టుమాస్టరమ్మ కవరుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఊరేదమ్మా?"

"ఊరు రాయకూడదండి."

"ఊరు లేకుండా ఉత్తరం ఎట్టా పోద్ది? కనీసం జిల్లా అన్నా ఎయ్యి."

"జిల్లా కూడా రహస్యమేనండి."

"నాక్కూడా చెప్పవా?" అంది, నిజంగా నొచ్చుకుని. చివరికి చిలకలూరిపేట పెద్ద పోస్టాఫీసుకి ఫోన్ చేసి కనుక్కుని, స్పీడ్ పోస్టు ముద్ర వేసింది. ముద్ర వేశాక కూడా గొంతు తగ్గించి, "కాశ్మీరేనా?" అని అడిగింది.

కాశ్మీర్ కాదు. ఉత్తరాన ఒక కొండ ప్రాంతం. మాది సైన్యానికి బియ్యం, పప్పు, నూనె, కిరోసిన్ చేరవేసే యూనిట్. నేను అక్కడ చేరినరోజు ఉదయం కమాండింగ్ ఆఫీసరు ఎదుట నిలబడితే ఆయన మొదట అడిగింది ఉత్తరం గురించే.

"మీరు నాకు రాయలేదు."

"రాశాను సర్."

"నాకు రాలేదు."

"స్పీడ్ పోస్టులో పంపాను సర్."

ఆయన తల ఊపారు. నమ్మినట్టు కాదు, ఇలాంటివి చాలా విన్నట్టు. మెస్‌లో మిగతా అధికారులకి అది వారం రోజులు తమాషా అయిపోయింది. ఆరు చిత్తులు రాశానని చెబితే ఇంకా నవ్వారు. అరగంట దూరంలోని దుకాణానికి పంపి, "స్పీడ్‌గా రండి" అనేవారు.

తొమ్మిదో రోజున ఉత్తరం వచ్చింది. కవరు మీద నాలుగైదు ముద్రలున్నాయి. పాపం ఎక్కడెక్కడ తిరిగిందో. కల్నల్‌గారు నన్ను పిలిపించి, నా ఎదుటే కవరు చింపి, నన్ను నిలబెట్టి చదవడం మొదలుపెట్టారు. తను రాసిన ఉత్తరాన్ని ఎదుటివాళ్ళు చదువుతుంటే నిటారుగా నిలబడి చూడడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. మధ్యలో ఒకచోట ఆగారు. వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివారు.

"మీ అమ్మగారు ఎవరికి ఏ వరస ఇవ్వాలో ఎలా నిర్ణయిస్తారు?"

చెప్పాను. వేగంగా చేసేవాళ్ళని ఎక్కడ వేస్తుందో, ఒంట్లో బాగాలేనివాళ్ళకి ఏ సాలు ఇస్తుందో, తోడికోడళ్ళ సంగతి, మజ్జిగ సంగతి. తోడికోడళ్ళ దగ్గర ఆయన పెదవి కొంచెం కదిలింది. తర్వాత ఉత్తరాన్ని మడిచి సొరుగులో పెట్టి, "రేపటినుంచి లోడింగ్ పాయింట్ మీరు చూడండి," అన్నారు.

లోడింగ్ పాయింట్ అంటే లారీల్లోంచి బస్తాలు దించి, పైన కొండల మీద జవాన్లు కాపలా ఉండే పోస్టులకి వెళ్ళే చిన్న బళ్ళలోకి ఎక్కించే చోటు. నలభై మంది కూలీలు, అంతా ఆ ప్రాంతం వాళ్ళు. మొదటి రోజు నేను కాగితం మీద గళ్ళు గీసుకుని, ఈల ఊది, అందర్నీ పొడుగుని బట్టి వరసలో నిలబెట్టాను. మధ్యాహ్నానికల్లా రెండు వరసలు ఒకదానికొకటి అడ్డం పడి పని ఆగిపోయింది. ఒక పెద్దాయన బస్తా కింద పడేసి వెళ్ళిపోయాడు.

సాయంత్రం అమ్మకి ఫోన్ చేసి మొత్తం చెప్పాను. ఏదైనా ఉపాయం చెబుతుందనుకున్నాను.

"వాళ్ళ పేర్లు తెలుసా నీకు?" అంది.

"నలభై మంది అమ్మా. ఇవాళేగా..."

"ముందు పేర్లు కనుక్కో. ఆ తర్వాత ఫోన్ చెయ్యి," అని పెట్టేసింది.

పేర్లు కనుక్కోవడానికి నాలుగు రోజులు పట్టింది. వెళ్ళిపోయిన పెద్దాయన పేరు కనుక్కుని ఇంటికెళ్ళి పిలిస్తే మోకాలు నొప్పని తెలిసింది. ఆయన్ని బస్తాలు లెక్కపెట్టే పనిలో పెట్టాను. నెల తిరిగేసరికి పని కుదుటపడింది. గొప్పగా ఏమీ కాదు. ఈల మాత్రం మానేశాను.

ఆ నెలలోనే కల్నల్‌గారు మా ఇంటికి ఉత్తరం రాశారు. కొత్తగా చేరిన అధికారుల తల్లిదండ్రులకి ఆయన అలా రాస్తారట, ఇంగ్లీషులో, నాలుగే వాక్యాలు. మీ అమ్మాయి క్షేమంగా ఉంది, పని నేర్చుకుంటోంది, మా కుటుంబంలో ఒకరు, నిశ్చింతగా ఉండండి. బాబాయ్ దాన్ని వాకిట్లో నిలబడి పైకి చదివాడట. నాన్న లామినేషన్ చేయించాడట. ఇవన్నీ ఫోన్లో చెప్పారు. వాళ్ళు జవాబు రాసిన సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఒకరోజు మళ్ళీ కల్నల్‌గారి నుంచి పిలుపొచ్చింది. వెళ్ళేసరికి గదిలో మా యూనిట్లోని శ్రీకాకుళం హవల్దార్ నిలబడి ఉన్నాడు. చేతిలో కాగితం ఉంది. మా నాన్న గుండ్రటి దస్తూరీని ద్వారం దగ్గర్నుంచే గుర్తుపట్టాను.

"మీ అమ్మగారు జవాబిచ్చారు," అన్నారు కల్నల్‌గారు. "నాకు తెలుగు రాదు కాబట్టి ఇతను చదివి చెబుతున్నాడు. మీరూ వినండి."

హవల్దార్ గొంతు సవరించుకున్నాడు. పైన రెండు వాక్యాలు నాన్నవి. మహాఘనతా, దివ్య సముఖమూ అన్నీ ఉన్నాయి. మూడో వాక్యం దగ్గర ఒక కొట్టివేత ఉంది. అక్కడ అమ్మ నాన్నని ఆపి, నేను చెప్పింది చెప్పినట్టు రాయి అని ఉంటుంది. అక్కడినుంచి గొంతు మారింది. హవల్దార్ ఒక్కో వాక్యం తెలుగులో చదివి, హిందీలో చెబుతూ పోయాడు.

"అయ్యా, ఉత్తరం అందింది. మా పిల్ల ఫోన్లో అంతా బాగుందనే చెప్తది, మీరు రాసినాక నమ్మాను. దానికి కోపం తొందర. ఆకలేస్తే ఇంకా తొందర. అది తప్పు చేస్తే మీరు తిట్టాల్సిందే, నేను కాదనను. కాకపోతే అన్నం తిన్నాక తిట్టండి. తినకముందు తిడితే దానికి ఏమీ ఎక్కదు, మీ నోరు నొప్పి తప్ప. ఇక్కడ వానలు పడ్డాయి. మీ ఇంట్లో అందరూ బాగున్నారని తలుస్తాను."

కింద అమ్మ సంతకం. అయిదో తరగతిలో నేర్చుకున్న పెద్ద పెద్ద అక్షరాలు, గీత మీద కుదురుగా.

హవల్దార్ కాగితం వంక చూస్తూ నిలబడ్డాడు, తలెత్తితే నవ్వొస్తుందని. నేను గోడ మీది మ్యాప్ వంక చూస్తున్నాను. కల్నల్‌గారు గడియారం చూసుకున్నారు.

"నిన్న కిరోసిన్ పీపాలు రెండు తప్పు పోస్టుకి వెళ్ళాయి. దాని గురించి మీతో మాట్లాడాలి," అన్నారు. "భోజనం అయ్యిందా?"

"ఇంకా లేదు సర్."

"అయితే తిని రండి," అన్నారు.

ఆ మధ్యాహ్నం మెస్‌లో నేను చాలా నిదానంగా తిన్నాను.